108 మంది బందిపోట్లు, నలుగురి చేతిపని

మీరు అడిగారు – మేం చెబుతున్నాం

ఎడో కాలపు (1603–1868) జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో చైనా వీరగాథల నాయకులు ఎందుకు అంతమంది కనిపిస్తారు, వాళ్ళను గుర్తుపట్టేదెలా, ఆ బొమ్మలు ఎలా తయారయ్యేవి అంటూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్ర: ఒంటినిండా డ్రాగన్ల పచ్చబొట్లున్న మనిషి ఇంకొకడితో తలపడుతున్న బొమ్మ ఒకటి చూశాను. పేరు చైనాదంటారు, బొమ్మ జపాన్‌దంటారు. ఎవరతను? (హైదరాబాద్ పాఠకుడు)

జ: రెండూ నిజమే. అతను షి జిన్. తొమ్మిది డ్రాగన్ల పచ్చబొట్టు అతని గుర్తు. ఎదుటివాడు చెన్ దా. కథ చైనా నవల 'షుయీహు జువాన్'లోది. 12వ శతాబ్ది మొదట్లో, సోంగ్ వంశపు హుయిజోంగ్ చక్రవర్తి కాలంలో, అధికారుల అన్యాయాలు భరించలేక లియాంగ్‌షాన్ చిత్తడి నేలల్లో చేరిన బందిపోట్ల గాథ అది. నాయకుడు సోంగ్ జియాంగ్. జపాన్‌లో ఈ నవలను 'సుయికోదెన్' అంటారు.

బొమ్మ వేసినవాడు ఉతగావా కునియోషి (1797–1861). సుమారు 1827 నుంచి 1830 దాకా 'సుయికోదెన్ 108 మంది వీరుల్లో ఒకరు' అన్న శీర్షికతో కగయా కిచిఎమోన్ అనే ప్రచురణకర్త ఈ బొమ్మల వరసను అచ్చు వేయించాడు. అంతకుముందు పెద్దగా అమ్ముడుపోని కునియోషి ఈ దెబ్బతో 'వీరుల బొమ్మల కునియోషి' అయిపోయాడు.

వరసలో మిగతావాళ్ళను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్ళు చెబుతాం. ఇనుప దండంతో దేవదారు చెట్టును పగలగొడుతున్న సన్యాసి లూ జిషెన్. నవల ప్రకారం ఆ దండం 62 జిన్‌లు, మన లెక్కన 37 కిలోలకు అటూ ఇటూ. పులిని వట్టి చేతులతో చంపుతున్నవాడు వూ సోంగ్. నీటి ద్వారం కమ్మీలు వంచుతున్నవాడు జాంగ్ షున్. అతని చుట్టూ తాళ్ళకు గంటలు కట్టి ఉంటాయి. చొరబడేవాడి ఉనికి తెలియడానికి కోటవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది.

బొమ్మను మాత్రమే చూసి తేల్చెయ్యకండి. పచ్చబొట్టు ఉంటే షి జిన్, గుండు ఉంటే లూ జిషెన్ అనుకుంటే తప్పులో కాలేసినట్టే. పేరు కాగితం మీదే ఉంటుంది. శీర్షిక గడి పక్కన ఇంకో గడిలో వీరుడి బిరుదు, పేరు నిలువుగా రాసి ఉంటాయి. పేరు అక్షరాలు కాస్త స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఫోన్‌లోని అనువాద యాప్ చాలాసార్లు పట్టుకుంటుంది. జీవిత కథ మాత్రం గొలుసుకట్టు రాతలో ఉంటుంది, యాప్ అక్కడ బోల్తా పడుతుంది. మ్యూజియం జాబితాల్లో వెతికేటప్పుడు జపనీస్ ఉచ్చారణ కూడా ప్రయత్నించండి. షి జిన్ అక్కడ షిషిన్, లూ జిషెన్ అక్కడ రొచిషిన్, వూ సోంగ్ బుషో, జాంగ్ షున్ చోజున్.

ప్ర: 108 బొమ్మలూ దొరుకుతాయా? (ఖమ్మం)

జ: దొరకవు. ఇప్పటిదాకా తెలిసినవి 75కు అటూ ఇటూ. కొన్ని కాగితాల మీద ఇద్దరేసి ఉన్నా లెక్క 108కి చేరదు. '108 బొమ్మల పూర్తి సెట్టు' అని ఎవరైనా అమ్మితే అది కునియోషి వరస కాదు. 108 అనగానే మనకు అష్టోత్తరం గుర్తొస్తుంది గానీ, నవలలో ఆ లెక్క 36 ఆకాశ నక్షత్రాలు, 72 భూమి నక్షత్రాలు కలిపి వచ్చింది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు.

ప్ర: జపాన్‌కు సొంత సమురాయ్‌లు ఉండగా చైనా దొంగల మీద అంత మోజేమిటి? (గుంటూరు)

జ: నవల అప్పటికే ఇంటింటి కథ అయిపోయింది. ఒకజిమా కన్‌జాన్ అనువాదం 1757 నుంచి అచ్చవుతూ వచ్చింది. 1805లో రచయిత బాకిన్ తిరగరాతకు చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మలు వేశాడు. పాఠకులు సిద్ధంగా ఉన్నారు, బొమ్మ రావడమే తరువాయి.

రెండో సంగతి సెన్సారు. 16వ శతాబ్ది చివరి యుద్ధవీరులనూ, అప్పటి పాలకులైన తొకుగావా వంశానికి దగ్గరి వ్యక్తులనూ పేర్లతో చిత్రించడం ప్రమాదం. 1804లో ఆ యుద్ధవీరుల్లో ఒకడైన హిదెయోషి బొమ్మలు వేసినందుకు చిత్రకారుడు ఉతమారో అంతటివాడి చేతులకు సంకెళ్ళు పడ్డాయి. 700 ఏళ్ళ కిందటి చైనా బందిపోటు అవినీతి అధికారిని చితక్కొడితే ఎడో (ఇప్పటి టోక్యో) సెన్సారుకు అభ్యంతరం చెప్పడానికి పట్టు దొరకదు. కొనేవాడికి మాత్రం ఆ అధికారి ఎవరిలా ఉన్నాడో బాగానే తెలుసు. మా ఉద్దేశంలో ఈ బొమ్మల ఊపుకు సగం కారణం ఇదే.

ప్ర: ఆ పచ్చబొట్లు నవలలోనే ఉన్నాయా, చిత్రకారుడి కల్పనా? (నెల్లూరు పాఠకురాలు)

జ: రెండూ. నవలలో షి జిన్, లూ జిషెన్, యాన్ చింగ్ లాంటి కొద్దిమందికే పచ్చబొట్లు. కునియోషి ఇంకా చాలామందికి వేశాడు. అవి చిన్న గుర్తులు కావు, వీపు నుంచి భుజాల మీదుగా చేతుల దాకా పాకే బొమ్మలు. వాటిని చూసి ఎడోలో మంటలార్పేవాళ్ళు, పల్లకీ బోయీలు, కూలీలు తమ ఒంటి మీద అలాగే పొడిపించుకున్నారు. ఎడో కాలం ముగిశాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం 1872లో పచ్చబొట్లను నిషేధించింది, 1948లోగానీ ఆ నిషేధం పోలేదు. ఇప్పటికీ జపాన్ పచ్చబొట్ల కళాకారులు ఈ వరసను నమూనాల పుస్తకంలా వాడుతున్నారు.

ప్ర: మా పెడనలో టేకు దిమ్మలతో బట్ట మీద అద్దుతాం. వీళ్ళ పద్ధతీ ఇదేనా? అంత సన్నని వెంట్రుక గీతలు చెక్కలో ఎలా నిలుస్తాయి?

జ: పని తలకిందులుగా జరుగుతుంది. మీరు బట్టను బల్ల మీద పరిచి, దిమ్మకు రంగు అంటించి పైనుంచి కొడతారు. అక్కడ దిమ్మ ముఖం పైకి పెట్టి బల్ల మీద ఉంటుంది. రంగును బ్రష్‌తో దిమ్మ మీద పూసి, తడి కాగితాన్ని దాని మీద బోర్లించి, కాగితం వీపు మీద బారెన్ అనే గుండ్రని బిళ్ళతో రుద్దుతారు. బారెన్ లోపల మెలితిప్పిన తాడు చుట్ట, పైన వెదురు పొర. ఒత్తిడి చేతిలో ఉంటుంది కాబట్టి ఒకే దిమ్మ మీద ఒకచోట గాఢంగా, ఒకచోట పలచగా తేవచ్చు.

చెక్క కొండ చెర్రీ. మాను పొడవునా కోసిన పలక, అడ్డకోత కాదు. గట్టిగా, పోగు బిగువుగా ఉంటుంది కాబట్టి సన్నని గీత విరగదు, వేల కాగితాలు తీసినా అంచు నిలుస్తుంది.

బొమ్మ వెనుక నలుగురు ఉంటారు. ప్రచురణకర్త డబ్బు పెట్టి పని పురమాయిస్తాడు. చిత్రకారుడు పలచని కాగితం మీద నల్ల గీతల బొమ్మ ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని పలక మీద బోర్లించి అతికిస్తాడు, వెనక పొరలను వేలితో రుద్ది తీసేసి, కాస్త నూనె రాస్తాడు. గీతలు పైకి కనిపిస్తాయి. ఆ గీతలకు అటూ ఇటూ కత్తితో కోసి మిగతా చెక్కను ఉలితో తవ్వేస్తాడు. అంటే కునియోషి చేత్తో గీసిన అసలు బొమ్మ అక్కడితో పోతుంది. 'కునియోషి చేతి గీత' అని మురిసిపోయేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. షి జిన్ నుదుటి దగ్గర జుట్టు పోగులు పెద్ద చెక్కుడు పనివాడి గొప్పతనం. ముఖం, జుట్టు అతను చెక్కేవాడు, బట్టలు కింది పనివాళ్ళు.

గీతల దిమ్మ అయ్యాక దాని నుంచి నల్ల గీతల ప్రతులు కొన్ని తీస్తారు. ఎక్కడ ఏ రంగో చిత్రకారుడు వాటి మీద గుర్తుపెడతాడు. ఒక్కో రంగుకు ఒక్కో ప్రతిని కొత్త పలక మీద అతికించి చెక్కుతారు. ఇక్కడి కిటుకు ఏమిటంటే, గీతల దిమ్మ మీద చెక్కిన రెండు ఆనిక గుర్తులు కూడా ఆ ప్రతితోపాటే ప్రతి రంగు దిమ్మ మీదికీ చేరతాయి. కుడి మూలన ఎల్ ఆకారపు గుర్తు, అదే అంచున ఎడమవైపు ఒక తిన్నని గుర్తు. వీటిని కెంతో అంటారు. నాలుగోవాడు, అంటే అచ్చు వేసేవాడు, కాగితాన్ని ఆ రెండిటికీ ఆనిస్తే పది పన్నెండు రంగులైనా గీతల్లోనే పడతాయి.

ప్ర: ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. ఇదే పద్ధతిలో చిన్న బొమ్మ ఒకటి చేసి చూడాలని ఉంది. ఎక్కడ చెడిపోతుందో ముందే చెప్పండి. (విశాఖపట్నం)

జ: 10 × 15 సెంటీమీటర్ల బొమ్మ, నలుపు గీత కాక రెండు రంగులు. మొదటిసారికి ఇంతకంటే పెద్దదానికి పోకండి. పచ్చబొట్టు డ్రాగన్ జోలికి అసలే వద్దు, ఒక్క చెయ్యో కత్తో చాలు.

చెర్రీ దొరకదు. పై పొర మెత్తగా, ముడులు లేకుండా ఉన్న ప్లైవుడ్ తీసుకోండి. ఎమ్‌డీఎఫ్ వద్దు, నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. కత్తిని గీత నుంచి బయటికి వాల్చి కోయండి, గీత అడుగున వెడల్పుగా, గుట్టలా నిలవాలి. కత్తి లోపలికి వాలితే గీత కింద బోలు పడుతుంది, రెండో కాగితానికే ఊడిపోతుంది. గీతకు దగ్గర 2 మిల్లీమీటర్ల లోతు చాలు. వెడల్పు ఖాళీల్లో ఇంకా లోతుగా తవ్వాలి. లేకపోతే తడి కాగితం అక్కడ కుంగి మరకలు పడతాయి. కెంతోలు బొమ్మకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో, కాగితం మందం కంటే కాస్త ఎక్కువ లోతులో ఉండాలి.

కాగితం పేపర్ మల్బరీ నారతో చేసింది కావాలి, పొడవాటి నార కాబట్టి తడిసినా చినగదు. జిగురు పట్టించని కాగితం అయితే మీరే పట్టించాలి. లీటరు నీళ్ళలో 15–20 గ్రాముల పశు జిగురును రాత్రంతా నానబెట్టి, మరగనివ్వకుండా గోరువెచ్చగా కరిగించండి. మరిగితే పట్టు పోతుంది. జిగురు బరువులో సగం పటికను వేరే కాసిని వేడి నీళ్ళలో కరిగించి కలపండి. వెడల్పు బ్రష్‌తో ఒక పూత వేసి ఆరబెట్టండి. తక్కువైతే రంగు పాకుతుంది. పటిక ఎక్కువైతే కాగితం ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

అచ్చు వేసే ముందు రోజు సాయంత్రం కాగితాలను తడిపిన అట్టల మధ్య ఒకటి విడిచి ఒకటి పేర్చి, ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచండి. పొద్దున్నకు చల్లగా, మెత్తగా ఉండాలి గానీ నీళ్ళు మెరవకూడదు. విశాఖ ఉక్కలో రెండు రోజులు అలాగే వదిలితే బూజు ఖాయం. పని ఆగితే ఫ్రిజ్‌లో పెట్టండి.

2 చెంచాల బియ్యప్పిండిని 10 చెంచాల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తేటగా మెరిసేదాకా ఉడికించండి. దిమ్మ మీద నీటి రంగు నాలుగు చుక్కలు, పక్కన బఠాణీ గింజంత ఈ జిగురు. బ్రష్‌తో గుండ్రంగా కలిపి, చివర్లో పోగు వెంబడి సాఫీగా లాగండి. జిగురు లేకపోతే రంగు నువ్వులు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎక్కువైతే కాగితం దిమ్మకు అంటుకుని నార లేచిపోతుంది, గీతల మధ్య రంగు పేరుకుంటుంది.

ముందు గీతల దిమ్మ, తర్వాత లేత రంగు, చివర ముదురు రంగు. బారెన్ లేకపోతే చెక్క గరిటె వీపు చాలు, కాగితానికీ దానికీ మధ్య ఒక నూనె కాగితం పెట్టండి. మొదటి ఐదారు కాగితాలు పలచగా వస్తాయి, దిమ్మ తడిసి పదును పడేదాకా అంతే. కంగారుపడి రంగు దట్టంగా కలపకండి.

రంగులు గీత దాటి పడుతుంటే చాలామంది కెంతోను మళ్ళీ చెక్కుతారు. అది కడపటి పని. ముందు కాగితం తడి చూడండి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. గీతలు తడి మీద వేసి రంగు మధ్యాహ్నం ఆరిన కాగితం మీద వేస్తే ఏ కెంతో కాపాడదు. అన్ని రంగులూ అయ్యేదాకా కట్టను ప్లాస్టిక్ కింద నుంచి తియ్యకండి.

ప్ర: ఒకరు నాకు 'అసలు కునియోషి' అని లూ జిషెన్ బొమ్మ అమ్ముతానంటున్నారు. ఇంట్లో ఎలా పరీక్షించాలి? (విజయవాడ)

జ: పది రెట్ల భూతద్దం, స్కేలు, పక్కనుంచి వెలుతురు. ఈ మూడూ ఉంటే సగం పని అయిపోతుంది.

ముందు భూతద్దం. రంగు నిండిన చోట చిన్న చిన్న చుక్కల వల కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చయిన ఫోటో నకలు. బేరం అక్కడితో ముగించవచ్చు. చెక్క అచ్చులో రంగు చదునుగా, నార మధ్య ఇంకి ఉంటుంది. అక్కడక్కడ చెక్క పోగు గీతలు కనిపించవచ్చు.

తర్వాత కాగితాన్ని తిప్పండి. చేత్తో రుద్దిన కాగితం వీపు మీద రంగు దిగిన ఆనవాళ్ళు, బారెన్ వంకర గీతలు ఉంటాయి. వీపు తెల్లగా, నున్నగా ఉంటే అనుమానించండి. మందపాటి అట్టకు అతికించి 'వెనక చూడటానికి వీల్లేదు' అంటే ఇంకా ఎక్కువ అనుమానించండి. పక్కనుంచి వెలుతురు వేస్తే నల్ల గీతలు కాగితంలో కాస్త కుంగి కనిపించాలి.

కొలత. ఈ వరస ఓబన్ అనే పరిమాణం, సుమారు 39 × 26 సెంటీమీటర్లు. అంచులు కత్తిరించినవి కాస్త తగ్గుతాయి, పెరగవు.

ముద్రల దగ్గర జాగ్రత్త. ఈ వరస మీద 'ఇచియూసాయ్ కునియోషి' సంతకం, ప్రచురణకర్త గుర్తు, 'కివామె' అనే గుండ్రని సెన్సారు ముద్ర ఉంటాయి. కివామె ముద్ర 1791 నుంచి 1842 దాకా వాడుకలో ఉంది. 1840ల చివరి జంట సెన్సారు ముద్రలు కనిపిస్తే అది ఈ వరస కాదు. కానీ ముద్ర కూడా దిమ్మలో చెక్కిందే. తర్వాతి కాలంలో మళ్ళీ చెక్కినవాళ్ళు దాన్నీ చెక్కారు. కాబట్టి అది బొమ్మ పుట్టిన కాలాన్ని చెబుతుంది, మీ చేతిలో కాగితం వయసును కాదు.

అసలు చిక్కు ఇక్కడే. పాత దిమ్మల నుంచి తర్వాత తీసిన ప్రతులు కూడా చెక్క అచ్చులే, అబద్ధమేమీ లేదు. కానీ జుట్టు పోగులు మొద్దుబారి కలిసిపోతాయి, చుట్టూ గీత తెగి తెగి ఉంటుంది, క్రమంగా పలచబడాల్సిన రంగు ఒకే ముద్దగా ఉంటుంది. 1860ల తర్వాత వచ్చిన రసాయన ఎరుపు, ఊదా కంటికి గుచ్చుకుంటాయి, అవి ఉంటే 1827 నాటిది కాదు. మ్యూజియం వెబ్‌సైట్లలో అదే బొమ్మను పెద్దది చేసి గీత గీతకూ పోల్చండి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం సంగ్రహాల్లో ఈ వరస ప్రతులున్నాయి. రెండు బొమ్మల్లో ఒకే గీత ఒకేచోట విరిగి ఉంటే ఒకే దిమ్మవి. గీత వంపే తేడాగా ఉంటే మళ్ళీ చెక్కిన దిమ్మ.

ప్ర: పొడుగు గడ్డం మనిషి ఆట పలక ముందు కూర్చున్నాడు, చేతికి ఏదో వైద్యం జరుగుతోంది. ఇదీ సుయికోదెనేనా? (కరీంనగర్)

జ: కాదు, 'మూడు రాజ్యాల' గాథ, అదీ చైనా నవలే. అతను గువాన్ యూ. విషపు బాణం తగిలిన చేతిని వైద్యుడు హువా తువో కోసి ఎముకను గీకుతుంటే తను నల్ల, తెల్ల రాళ్ళతో ఆడే గో ఆట ఆడుతుంటాడు. కునియోషి 1853లో వేసిన మూడు కాగితాల బొమ్మ ఇది. అంచు దగ్గర ఎవరి బట్టో సగంలో తెగినట్టుంటే అది చిరుగు కాదు, పక్క కాగితంలోకి సాగుతుంది. విడి కాగితం కొనేటప్పుడు మూడింటిలో అది ఏదో తెలుసుకుని బేరమాడండి.

ప్ర: పాత ప్రతి ఒకటి బంధువుల నుంచి వచ్చింది. గోధుమ చుక్కలు, నారింజ రంగు మీద నల్లటి మచ్చలు ఉన్నాయి. లామినేషన్ చేయించమంటున్నారు. (కాకినాడ)

జ: లామినేషన్ మాట ఎత్తకండి. ఆ వేడి, ఆ జిగురు తర్వాత తీయడం ఎవరివల్లా కాదు.

నారింజ మీద నల్ల మచ్చలు మురికి కాదు. ఆ రంగు సీసపు సింధూరం, గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. రుద్దితే రంగే పోతుంది. గోధుమ చుక్కలు తేమ, బూజు, కాగితంలోని మలినాల వల్ల వస్తాయి. బ్లీచింగ్ ఇంట్లో చేయకండి, కుసుంభ పువ్వు ఎరుపు ముందు ఎగిరిపోతుంది. అవి పెరగకుండా ఆపడం మీ చేతిలో ఉంది.

ఫ్రేము కట్టించేటప్పుడు ఆమ్లం లేని అట్టనే అడగండి. వెనక ప్లైవుడ్, మామూలు అట్ట వద్దు. బొమ్మను పైన రెండుచోట్ల మాత్రమే, సన్నని జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజితో వేలాడదీయాలి. సెలో టేపు పదేళ్ళలో పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. గాజు బొమ్మకు ఆనకుండా మధ్యలో కిటికీ కోసిన అట్ట ఉండాలి. ఆనితే సముద్ర తీరపు తేమకు గాజు లోపలి చెమ్మ బొమ్మకు అంటుకుంటుంది.

వానకు తడిసే బయటి గోడకు తగిలించకండి, గదిలో లోపలి గోడే మేలు. ఎండ నేరుగా పడకూడదు, 50 లక్స్ (వెలుతురు కొలత) లోపు మసక వెలుతురు చాలు. మూడు నెలలు గోడ మీద ఉంచి, తర్వాత చాలాకాలం చీకట్లో బల్లపరుపుగా భద్రపరచడం మ్యూజియంలు పాటించే పద్ధతి. పెట్టెలో పురుగుకు వేపాకు వేసే అలవాటు ఉంటే బొమ్మకు తగలకుండా వేయండి, ఆకు తగిలిన చోట మరక పడుతుంది. కలరా ఉండలు అసలే వద్దు. జూలై నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి పెట్టె తెరిచి, కాగితం అంచుల్లో వెండి పురుగు కొరికిన గీతలున్నాయేమో చూడండి.